జీపు స్విచ్చీల గురించి అల్లుడికి

అల్లుడూ,

జీపుకి పెయింటు అయ్యేలోపు స్విచ్చీలన్నీ పీకేసి కొత్త సెట్టు వేయిస్తానంటున్నావని అక్క చెప్పింది. ఆర్డరు పెట్టకముందే ఇది చదువు. మీ తాత వాడిన ఆ స్విచ్చీల్లో సరుకుంది. వాటి చేత మోయలేని కరెంటు మోయించడం వల్లే అవి మాడాయి. కొత్తవి పెట్టి అదే కరెంటు పంపితే అవీ అట్లే మాడతాయి.

లెక్క చూడు. పన్నెండు వోల్టుల బండిలో 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 10 ఆంపియర్లు. వెలుగు చాల్లేదని 100 వాట్ల హాలోజన్ వేస్తే 16 దాటుతుంది. అదంతా డ్యాష్‌బోర్డు మీది లాగుడు స్విచ్చిలోంచీ, కాలి కింది డిమ్ము డిప్పు స్విచ్చిలోంచీ పోవాలి. కాంటాక్టు వేడెక్కితే స్ప్రింగు మెత్తబడుతుంది, పట్టు వదులై ఇంకా వేడెక్కుతుంది. ఆరు వోల్టుల పాత బండైతే అదే వెలుగుకి కరెంటు రెట్టింపు.

అందుకని ముందు రిలేలు కొను. రిలే అంటే స్విచ్చి పంపే కొద్దిపాటి కరెంటుతో లైటు పెద్ద కరెంటుని కలిపే డబ్బా. హైబీముకి ఒకటి, లోబీముకి ఒకటి. నాలుగు కాళ్ల రిలేలో ప్రతి కాలికీ ఒక నంబరు ఉంటుంది. 85, 86 లోపలి తీగచుట్ట, అంటే కాయిల్‌వి. ఒకటి స్విచ్చి నుంచి వచ్చే వైరుకి, రెండోది ఎర్త్‌కి, అంటే బండి ఇనప బాడీకి. 30కి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టు. 87 నుంచి లైటుకి. ఈ లైను 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. కాయిల్ లాగేది పావు ఆంపియరు లోపే, ఇక స్విచ్చికి శ్రమేముంది? కాళ్లు కిందికి ఉండేట్టు బిగించు, నీళ్లు నిలవవు. హారన్‌కి కూడా ఒక రిలే వెయ్యి.

ఏ స్విచ్చి మార్చాలో మల్టీమీటరే చెబుతుంది. లైటు వెలుగుతుండగానే స్విచ్చి రెండు టెర్మినళ్ల మీద మీటరు కాళ్లు ఆనించు. అర వోల్టు చూపిందంటే లోపల కాంటాక్టు పోయినట్టే.

అన్నిటికంటే దెబ్బతినేది కాలి స్విచ్చి. మన దగ్గర కార్తీకంలో పడే వానలకి బురద కాళ్లతోనే తొక్కుతాం కదా. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, వైర్లకి గుర్తులు కట్టి, ఫోటో తీసుకుని అప్పుడు విప్పు. రేకు మడతలు నెమ్మదిగా లేపు, గట్టిగా వంచితే విరుగుతాయి. విప్పేటప్పుడు ప్లాస్టిక్ కవరు లోపల పెట్టి విప్పు. స్ప్రింగు ఎగిరి షెడ్డులో మూలకి పోతే దొరకదు. ఇత్తడి పలకల మీద పచ్చటి చిలుము, మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తాయి. సన్నటి ఎమిరీ పేపరుతో మచ్చ పోయేదాకా రుద్ది, కాంటాక్ట్ క్లీనరు కొట్టి ఆరనివ్వు. పలక గుంట పడి ఉంటే వదిలెయ్యి, అది పనికిరాదు. మూసేముందు కదిలే చోట కొద్దిగా గ్రీజు, వెనక రబ్బరు క్యాపు.

ఇంట్లో ఫ్యాను స్విచ్చి తెచ్చి బిగించేవాళ్లని చూశాను. నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దు. ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్చిలో నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. బ్యాటరీ కరెంటుకి ఆ సదుపాయం లేదు. వైపర్ మోటారు లాంటివైతే రవ్వ మరీ గట్టిగా లేస్తుంది.

పెయింటు షాపులో ఒక చిక్కుంది. రంగు వేశాక ఎర్త్ బోల్టుల కింద కూడా రంగే ఉంటుంది, లైట్లు గుడ్డిగా వెలుగుతాయి. పాపం స్విచ్చిని తిడతారు. ఆ చోట్లు ఇనుము కనిపించేదాకా గీకి, స్టార్ వాషరు వేసి బిగించమను.

ఇగ్నిషన్ స్విచ్చి వదులైతే మార్చు, బేరం పెట్టకు. బ్రేకు లైటు స్విచ్చి మాస్టర్ సిలిండరు దగ్గర ఉంటుంది, ఆయిల్ ఒత్తిడికి పనిచేస్తుంది. లోపల సీలు కాబట్టి విప్పి బాగుచేయడం కుదరదు. కొత్తది వేశాక బ్రేకులో గాలి తీయించు. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు వెనక లారీవాడికి నీ బ్రేకు తెలిసేది ఆ లైటుతోనే.

పాత స్విచ్చి మోడలు దొరకకపోతే పాత బండ్ల సామాన్లు దొరికే చెన్నై పుదుపేటకి వెళ్లు, పాతది చేతిలో పట్టుకుని మరీ వెళ్లు. పారేసిన వాటి నాబ్‌లు దాచు, కొత్తవాటికి ఆ అందం రాదు.

తిరుపతి నుంచి,
మీ మామ