హార్మోనియం మీద పెట్టిన ఐదు రూపాయలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

‘హాగ్వార్ట్స్ లెగసీ’ అనే వీడియో గేమ్ కొనాలని ఎన్నాళ్లుగానో డబ్బు దాచుకున్నావనీ, తీరా కొనబోయే వేళకు, దాని మూలకథల రచయిత్రి రౌలింగ్ అన్న మాటలు నచ్చక నీ స్నేహితురాలు వద్దన్నదనీ రాశావు. ఈ మాట నన్ను అడిగినందుకు సంతోషం. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో పన్నెండేళ్లు కంప్యూటర్ సెంటర్ నడిపి, మీ ఈడు పిల్లలకు ఆటలు పెట్టినవాణ్ని. ఇప్పటికీ ఆడుతున్నాను, కొంటున్నాను.

ముందు మీ తాతయ్య సంగతి చెప్పాలి. కందుకూరు దగ్గర మన ఊళ్లో తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం ఉండేది. కాటిసీనులో హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన పద్యం ఎత్తుకుంటే ఊరు ఊరంతా కదలకుండా కూర్చునేది. ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి, వేదిక ఎక్కి ఆయన గొంగళికి నోట్లు గుచ్చేవారు. ఒక ఏడు ఒక సంగతి బయటపడింది. అంతకుముందు నాటకానికి వచ్చిన డబ్బంతా ఆ నటుడే ఉంచుకుని, హార్మోనిస్టుకు పైసా ఇవ్వలేదట. తాతయ్య నాటకం చూడటం మానలేదు. తెల్లవార్లూ కూర్చుని, పద్యాలకు ఎప్పటిలాగే కళ్లు తుడుచుకున్నారు. కానీ ఏటా గొంగళికి గుచ్చే ఐదు రూపాయల నోటును ఆసారి తీసుకెళ్లి హార్మోనియం మీద పెట్టి వచ్చారు.

పద్యం బాగుందా అన్నది ఒక ప్రశ్న. నోటు ఎవరికివ్వాలన్నది వేరే ప్రశ్న. రెండింటినీ ఒకే ముడి వేశావు కాబట్టే నీకు దారి తోచడం లేదు. ఆట మీద ఇష్టం కలిగినందుకు నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. ఖర్చుపెట్టే రూపాయికి మాత్రం జవాబు చెప్పుకోవాలి.

అందుకే కొనేముందు ఆ డబ్బు ఎటు పోతుందో చూడు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట సృష్టికర్త మార్కస్ పెర్సన్ మాటలు చాలామందిని నొప్పించాయి. కానీ ఆయన 2014లోనే తన కంపెనీని 250 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్‌కు అమ్మేశాడు. 2019లో ఆట మొదటి తెర మీద వచ్చే వాక్యాల్లోంచి ఆయన ప్రస్తావన తీసేశారు, చివరి పేర్ల జాబితాలో మాత్రం ఉంచారు. ఆ పని నాకు న్యాయంగా తోచింది. చేసినవాడి పేరు చెరపకూడదు, నెత్తిన పెట్టుకోనూ అక్కరలేదు. ఈరోజు నువ్వు ఆ ఆట కొన్నా ఆయన జేబు నిండదు.

నువ్వు అడిగిన ఆట అలా కాదు. 2023లో వచ్చిన ఆ ఆట తయారీలో హ్యారీ పాటర్ కథల రచయిత్రి రౌలింగ్ నేరుగా పాలుపంచుకోలేదు. కష్టం అవలాంచ్ సాఫ్ట్‌వేర్ అనే స్టూడియోలో పనిచేసినవారిది. అయితే ఆ మాయలోకం ఆమెది, దాని పేరు మీద సాగే వ్యాపారం ఆమెకు కలిసివచ్చేదే. ట్రాన్స్ వ్యక్తుల గురించి, అంటే పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదనుకునేవారి గురించి, ఆమె అన్న మాటల మీద 2020 నుంచీ గొడవ నడుస్తోంది. అవి మాటలుగానే ఉండి ఉంటే నేను ఇంత ఆలోచించేవాణ్ని కాదు. స్త్రీల హక్కులు పుట్టుకతో వచ్చిన లింగాన్ని బట్టే ఉండాలని వాదించే కేసులకు సాయపడేందుకు 2025లో ఆమె సొంత డబ్బుతో ఒక నిధి పెట్టింది. ఇక్కడ డబ్బు, అభిప్రాయం వేరువేరుగా లేవు. నేనైతే కొత్తది కొనను.

‘మరి అందులో పనిచేసినవాళ్ల కడుపు కొట్టినట్టు కాదా’ అంటావు. మంచి ప్రశ్న. జీతం వాళ్లకు తయారీ రోజుల్లోనే అందుతుంది. బోనసు, తర్వాతి ఆటకు అనుమతి మాత్రం అమ్మకాల మీద ఆధారపడవచ్చు. కాబట్టి కొనకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదని నీకు నువ్వు చెప్పుకోకు. ఆ నష్టం తెలిసే నిర్ణయించుకో. దొంగ కాపీ మాత్రం దించుకోవద్దు. అది హార్మోనిస్టు డబ్బు కూడా ఎగ్గొట్టడమే.

ఆడాలనే ఉంటే వాడిన డిస్కు కొనుక్కో. ఆ డబ్బు అమ్మినవాడికీ దుకాణానికీ పోతుంది, కంపెనీకి చేరదు. డౌన్‌లోడు కొన్నది ఇలా చేతులు మారదు, అందుకే నేను ఇప్పటికీ డిస్కులే కొంటాను. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఏదైనా కొన్న తర్వాత మనసు మారితే, 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. విడుదలకు ముందే డబ్బు కట్టే అలవాటు మానుకో. ఆట చేసినవాళ్ల గురించి వినబడేది పుకారో నిజమో తేలడానికి కాస్త వ్యవధి కావాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. నీ స్నేహితురాలితో వాదించి గెలవాలని చూడకు. ఆమెకు బాధ ఎక్కడ కలిగిందో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా విను. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే ఆమెకు చెప్పే కొను, చాటుగా ఆడకు. ఇప్పటికే కొన్న మీ హాస్టలు పిల్లలను కూడా దోషుల్లా చూడవద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ కంట్రోలర్ తెచ్చుకో, నా దగ్గర ఉన్నదాంట్లో ఒక బటన్ పనిచేయడం లేదు. సెంటర్ మూసినప్పుడు అటక మీద పెట్టిన డిస్కుల పెట్టె దింపి తుడిచి ఉంచుతాను. నీకు నచ్చినవి ఏరుకుందువుగాని.

ఆశీస్సులతో,
మామయ్య