మాస్టర్ సిలిండర్ నువ్వే మారుస్తానన్నావుగా, అందుకే ఈ ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి జారిపోతోందని, బండి కింద మాత్రం ఎక్కడా చుక్క తడి లేదని రాశావు. లక్షణం మాస్టర్ సిలిండర్‌దే, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేదానిదే. లోపల పిస్టన్ మీది రబ్బరు సీళ్లు అరిగితే ఆయిల్ బయటికి కారదు, సీలు పక్కనుంచి వెనక్కి జారుకుంటుంది. అయినా కొత్తది కొనేముందు నాలుగు చక్రాల లోపలి వైపూ, పైపుల వెంబడీ ఓసారి చూడు. సిలిండర్ బూస్టర్‌కి (మన కాలి బలాన్ని పెంచే గుండ్రటి డబ్బా) ఆనుకునే చోట కింది అంచున వేలు పెట్టి తడుము. తడి తగిలితే వెనక సీలు కూడా పోయి ఆయిల్ బూస్టర్‌లోకి దిగుతోందన్నమాట. అప్పుడు బూస్టర్ సంగతీ చూసుకోవాలి.

బ్రేక్ ఆయిల్ అని అంటాం గానీ అది నూనె కాదురా. ఇంజన్ ఆయిల్ కాస్త కలిసినా సీళ్లు ఉబ్బి పాడవుతాయి. రిజర్వాయర్ (సిలిండర్ మీద ఆయిల్ పోసే చిన్న డబ్బా) మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఆయిల్ రకం రాసి ఉంటుంది, అదే తెచ్చుకో. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. సీలు తీయని డబ్బానే వాడు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అదే తేమ పీల్చుకుందంటే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఎప్పుడో మూత తీసి అలమరలో పెట్టిన సగం డబ్బాని నమ్ముకోకు. పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది, పక్కన ఓ మగ్గు నీళ్లు పెట్టుకో.

ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా ఐదారుసార్లు తొక్కు. పాత ఆయిల్ సిరంజితో లాగెయ్, ఆయిల్ మట్టం చూసే సెన్సర్ వైరు ఊడదీయ్. పైపు నట్ల దగ్గర మాత్రం తొందరపడకు. అవి మెత్తనివి. వాటికి ఫ్లేర్ నట్ పానా అని వేరే ఉంటుంది, నట్టుని దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. మొదటిసారి నేను మామూలు పానాతోనే లాగాను. ఆరు అంచులూ గుండ్రమై కూర్చున్నాయి, చివరికి పైపే మార్చాల్సి వచ్చింది.

కొత్తది చేతికి రాగానే బండికి బిగించేయాలనిపిస్తుంది. బిగించకు, ముందు బల్ల మీదే దాని లోపలి గాలి తీయాలి. ఫ్లాంజి (బూస్టర్‌కి బిగించే అంచు) దగ్గర వైస్‌లో పట్టించు, సిలిండర్ ఒంటిని నొక్కకు. పైపులు బిగించే రంధ్రాలకి చిన్న ప్లాస్టిక్ గొట్టాలు పెట్టి, వాటి కొసలు రిజర్వాయర్‌లోని ఆయిల్‌లో మునిగేలా వంచు. మొద్దు మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ని మెల్లగా లోపలికి నెట్టు, అంతకన్నా మెల్లగా వదులు. మొదట పెద్ద బుడగలు వస్తాయి, తర్వాత ఆవగింజంతవి. అయిపోయింది అనుకున్నాక ఇంకో పదిసార్లు నెట్టు. అక్కడే ఒక మొండి బుడగ బయటికొస్తుంది. ఈ పని ఎగ్గొట్టి నేరుగా బండికి బిగించి, ఒక సాయంత్రమంతా పెడల్ తొక్కుతూ గడిపినవాణ్ణి చెబుతున్నాను.

బిగించేటప్పుడు సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టే రెండు పెద్ద నట్లూ వదులుగా ఉంచి, పైపు నట్లు ముందు వేళ్లతో మూడు నాలుగు చుట్లు తిప్పు. సిలిండర్ కాస్త కదిలితేనే పైపు తిన్నగా వచ్చి మరలో కూర్చుంటుంది. వేళ్లతో తిరగని నట్టుకి పానా వేశావంటే అల్యూమినియం మర చెడుతుంది, కొత్త సిలిండర్ కాస్తా పాతసామాను అవుతుంది. బూస్టర్ కడ్డీ ఆనే గుంట లోతు పాతదానిలో ఎంతుందో కొత్తదానిలోనూ అంతే ఉందో లేదో ముందే కొలువు. లోతు తక్కువైతే బ్రేకులు పట్టేసే ఉంటాయి.

ఇక చక్రాల దగ్గర గాలి తీయడం. దూరపు చక్రం నుంచి మొదలెట్టమని అందరూ అంటారు గానీ అన్ని బండ్లకీ అది కుదరదు, నీ బండి మాన్యువల్‌లో ఉన్న వరసే పాటించు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు, స్టాండ్లు పెట్టు. పెడల్ మీద ఒకరిని కూర్చోబెట్టు. "తొక్కు, పట్టుకో" అన్నాక నువ్వు చక్రం దగ్గర గాలి తీసే స్క్రూ వదులు చెయ్, బిగించాకే "వదులు" అను. మధ్యలో రిజర్వాయర్ ఎండిందా, మళ్లీ మొదటికే. ఏబీఎస్ యూనిట్‌లోకి (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే భాగం) గాలి వెళితే కొన్ని బండ్లకి, బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి. అప్పుడు మొహమాటపడకుండా మెకానిక్‌ని పిలువు.

అంతా అయ్యాక పెడల్ గట్టిగా నిలబడాలి. ఇంజన్ స్టార్ట్ చేస్తే కొంచెం దిగుతుంది, అది బూస్టర్ పని, టెన్షన్ పడకు. ఆ తర్వాత అరనిమిషం నొక్కి పట్టు. ఇంకా దిగుతుంటే బండి తీయొద్దు. నిలబడితే ఖాళీ జాగాలో నడక వేగంతో, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద పెట్టుకుని నాలుగుసార్లు ఆపి చూడు. మర్నాడు పొద్దున్నే ప్రతి పైపు నట్టు చుట్టూ పొడి కాగితం ఆనించి, తడి తగిలిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న