ఆఫీసు ఒత్తిడికి స్నేహితుడి నిద్రమాత్ర వద్దు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి పదకొండు దాకా క్లయింట్ కాల్స్. లాప్‌టాప్ మూసినా బుర్రలో ఆఫీసే. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. నిద్ర పట్టక స్నేహితుడు చెప్పిన ఆల్ప్రాజోలం 0.5 మాత్ర మూడు నెలలుగా వేసుకుంటున్నాను. ఇంట్లోవాళ్లకు సమయం ఎలా ఇవ్వాలి?

జవాబు: మీరు అడిగింది ఇంటి గురించి. నాకు భయం వేసింది మాత్ర గురించి. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది. పాత డోసుకు నిద్ర రాదు, ఒకటి రెండవుతుంది. మందు ప్రభావం దిగేకొద్దీ పగలు ఆందోళన, చిరాకు పెరగొచ్చు. పిల్లల మీద అరుపుల్లో కొంత దీనివల్లే కావచ్చు.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదీ ఒకటి. 2015లో కల్తీ కల్లు మీద అధికారుల దాడులు జరిగి అది దొరకనప్పుడు ఎంతోమంది ఫిట్స్‌తో, మతి తప్పినట్టు ప్రవర్తిస్తూ ఆస్పత్రుల పాలయ్యారు. మీ డోసు వేరు కావచ్చు, జాగ్రత్త మాత్రం అదే. సైకియాట్రిస్టు చూసి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. అందాకా మద్యం ముట్టొద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఈ మాత్ర డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అమ్మినవాళ్లది తప్పే, అడిగి కొన్నందుకు మీదీ తప్పే. నిద్ర పట్టని మొదటి నెలలోనే ఎవరికైనా చూపించుకోవాల్సింది.

మిమ్మల్ని చూడకుండా ఇంతకుమించి ఖాయంగా చెప్పలేను. బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందేమో మీ ఆవిడను అడగండి. అలా ఉంటే ఈ మాత్ర మరింత ప్రమాదం.

ఇక ఇంటి సంగతి. రాత్రి కాల్స్ తప్పనప్పుడు పొద్దున్న పిల్లల్ని బడికి మీరే దింపండి, ఆ అరగంట ఫోన్ తీయకండి. చివరి కాల్ అయ్యాక రేపటి పనులు కాగితం మీద రాసి, కాసేపు ఆగి పడుకోండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ మానండి.

బతకాలనిపించని ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం. డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి. ఆ మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.