ఆ రెండు స్టాపులు ఎప్పుడు దాటానో గుర్తులేదు

ప్రశ్న: పదకొండేళ్లుగా బస్సు నడుపుతున్నాను. డ్యూటీ దిగి ఇంటికెళ్లి నడుం వాల్చేసరికి మళ్లీ డ్యూటీ వేళవుతోంది. ఐదు గంటల నిద్ర కూడా ఉండట్లేదు. ట్రిప్పుకిచ్చిన రన్నింగ్ టైమ్ చాలక దొరికిన సందులోంచల్లా ఓవర్‌టేక్ చేస్తున్నాను, అడ్డొచ్చినవాళ్ల మీద అరుస్తున్నాను. మొన్న తెల్లవారుజామున వరసగా రెండు స్టాపులు దాటేశాను. ఎలా దాటానో గుర్తులేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఇదేమైనా జబ్బా?

జవాబు: తమ్ముడూ, ఇరవై తొమ్మిదేళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణి. నీది నిద్ర. కళ్లు తెరిచి ఉన్నా మెదడు కొన్ని సెకన్లు కునుకు తీస్తుంది. 80 వేగంలో నాలుగు సెకన్లంటే, దాదాపు 90 మీటర్లు బస్సు డ్రైవర్ లేకుండా పోయినట్టే.

నాకలా జరిగిన రాత్రి, ముందు చక్రం రోడ్డు దిగి కంకర మీద గరగరమన్న చప్పుడుకి మెలకువొచ్చింది. అద్దంలో చూశాను. ముందు సీట్లో ఒక పిల్ల తల్లి ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతోంది. ఆ పిల్ల చెప్పు ఒకటి జారి నడవాలో పడి ఉంది. తెల్లారేదాకా నా చేతుల వణుకు తగ్గలేదు. డిపోలో ఎవరికీ చెప్పలేదు. ఆ తప్పు నువ్వు చేయకు.

వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలా ఉంటుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. తాగి వస్తే డ్యూటీ ఎక్కనివ్వరు కదా, నిద్రలేకుండా వచ్చినవాణ్ణి ఎందుకు ఎక్కిస్తున్నారని నా బాధ.

కిటికీ తెరవడం, పాటలు పెట్టడం కాసేపటి మాట. ట్రిప్పుల మధ్య కాఫీ తాగి, వెంటనే 15-20 నిమిషాలు కళ్లు మూసుకో. కాఫీ పనిచేయడం మొదలయ్యే వేళకి లేస్తావు. లేవగానే సీటెక్కకు, కాసేపు అటూ ఇటూ నడువు. తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా మరీ జాగ్రత్త. గురక పెడుతున్నావేమో ఇంట్లో అడుగు. ఊపిరి ఆగి ఆగి వస్తోందంటే డాక్టర్‌కి చూపించుకో, దానికి వైద్యం ఉంది.

ఓవర్‌టేకుల లెక్కా చూడు: 10 కిలోమీటర్లు 60లో పోతే 10 నిమిషాలు, 70లో పోతే ఎనిమిదిన్నర. కలిసొచ్చేది ఆ ఒకటిన్నర నిమిషమే. ఆలస్యం ట్రిప్పు టైములు వేసిన చార్టుది, నీది కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979 నాటి 153వ ఒప్పందం కూడా ఏకబిగిన నాలుగు గంటలకు మించి నడపకూడదని, రోజుకు వరసగా 10 గంటల విశ్రాంతి ఉండాలని మామూలు నియమంగా పెట్టింది. రెండు వారాలపాటు డ్యూటీ దిగిన టైమూ ఎక్కిన టైమూ కాగితం మీద రాయి. తోటి డ్రైవర్ల చేత కూడా రాయించు. అందరూ కలిసి వెళ్లి చార్టు వేసే ఆఫీసర్ ముందు పెట్టండి.

ఈలోగా ఈ వారం రాత్రి డ్యూటీ పడితే మార్చమని అడుగు. ఆ రెండు స్టాపుల సంగతి దాచకుండా చెప్పి మరీ అడుగు.