గృహప్రవేశం భోజనంలో ‘ప్యూర్ వెజ్’ ఎవరెవరికి సరిపోతుంది?

మీ ప్రశ్న ఇది: బెంగళూరులో కొత్త ఫ్లాటు గృహప్రవేశం, 60 మందికి భోజనాలు. వచ్చేవాళ్లలో ఆఫీసు జైనులు, ఓ మాధ్వ (మధ్వాచార్యుల సంప్రదాయం పాటించే) కుటుంబం, ఒక వీగన్ (పాలు, తేనె సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినని) స్నేహితురాలు, పక్క ఫ్లాటు ముస్లిం దంపతులు ఉన్నారు. అందరికీ ‘ప్యూర్ వెజ్’ చెప్పేస్తే చాలదా, మతం చెప్పే శాకాహారానికీ జంతువుల కోసం మాంసం మానేయడానికీ తేడా ఏముంది అని అడిగారు.

చాలదండీ. ఆ రోజు పూజలో పెట్టే పంచామృతం గిన్నె ఒక్కటి తీసుకోండి. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. మాధ్వుల ఇంటి పెద్దాయన కళ్లకద్దుకుని పుచ్చుకుంటారు. నియమం పాటించే జైనులు తేనె ఉందని చెయ్యి చాపరు. వీగన్‌కి ఐదింట్లో నాలుగు పనికిరావు. ముస్లిం దంపతులకు వీటిలో దేనితోనూ పేచీ లేదు, కానీ దేవుడికి నివేదన అయింది కాబట్టి చాలామంది తినరు. గిన్నెలో మాంసం చుక్కయినా లేదు, వద్దనడానికి మాత్రం మూడు వేర్వేరు కారణాలు.

జంతువుల కోసం మానేసినవాళ్లు చూసేది ఒకటే: ఇది నా విస్తట్లోకి రావడానికి ఏ ప్రాణి బాధపడింది? వాళ్లకు తిథితో, మడితో పనిలేదు. మతం అడిగే ప్రశ్నలు వేరు: ఏ పదార్థం, ఏ రోజు, ఎవరు వండారు, ఎవరికి నివేదించారు. కార్తీకమాసమంతా ముట్టకుండా ఉండి, పోలి పాడ్యమి దాటగానే చికెన్ కొట్టు దగ్గర క్యూ కట్టే మన ఇళ్లు ఎన్ని లేవు! అక్కడ లెక్క నెలది, కోడిది కాదు. మాధ్వుల చాతుర్మాస్యం చూడండి: మొదటి నెల కూరగాయలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు మానేస్తారు. హింస లెక్కన చూస్తే కూరగాయలు మానడానికి అర్థం లేదు. అది వ్రతం, అంతే. రెండూ కలిసేది జైనుల దగ్గర: మూలం అహింసే, దాన్ని దుంపలు తినకపోవడం, పొద్దుగూకాక తినకపోవడం దాకా నియమాలుగా అల్లుకున్నారు.

గాంధీలో రెండూ కనిపిస్తాయి. లండన్ వెళ్లేటప్పుడు తల్లికిచ్చిన మాట కోసం మాంసం ముట్టలేదు. అక్కడ శాకాహారం గురించి ఇంగ్లిష్ రచయిత హెన్రీ సాల్ట్ రాసింది చదివాకే ఇష్టపడి శాకాహారి అయ్యాడు. తర్వాత పశువుల్ని హింసించి పాలు పిండుతున్నారని పాలు తాగనని ఒట్టు పెట్టుకున్నాడు. జబ్బుపడ్డప్పుడు, ఒట్టు ఆవుపాలకీ గేదెపాలకే కదా అని కస్తూర్బా అంటే మేకపాలు తాగాడు. ఒట్టు అక్షరాలా నిలిచినా దాని ఆంతర్యం పోయిందని తనే రాసుకున్నాడు. మత నియమంలో అలాంటి సందు దొరుకుతుంది. మేక బాధ గురించి ఆలోచించేవాడికి దొరకదు.

ఇక వంట. నాలుగు రకాల వంటలు పెట్టుకోకండి, కేటరర్ కలిపేస్తాడు. మొత్తం వంట ఉల్లి, వెల్లుల్లి, దుంపలు, పాలు, నెయ్యి లేకుండా చేయించి, నెయ్యీ పెరుగూ వడ్డనలో విడిగా పెట్టించండి. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, అరటికాయ ఆవపెట్టిన కూర, పులిహోర, మునక్కాడల సాంబారు, కొబ్బరి పచ్చడి. ఎవరికీ ఏదో తగ్గించినట్టు ఉండదు.

ఇక్కడి వంటవాళ్లకు ‘జైన్’ అంటే ఉల్లి, వెల్లుల్లి లేకపోవడమే. బంగాళదుంప, క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్, పచ్చి అల్లం కూడా కూడదని విడమరిచి చెప్పండి. అల్లం బదులు శొంఠి వేయవచ్చు, ఎండు పసుపు పర్వాలేదు. కోసంబరిలో (నానబెట్టిన పెసరపప్పు సలాడ్) అలవాటుగా క్యారెట్ తురుము కలిపేస్తారు, దోసకాయతో ఆపమనండి. గింజలు ఎక్కువని వంకాయ కూడా చాలామంది తినరు, కాబట్టి గుత్తివంకాయ ఈసారికి వద్దు. కాచని పెరుగులో పప్పు కలవకూడదు కనుక పెరుగు వడ కుదరదు. వేరుశనగ నేలలో కాసినా ఎక్కువమంది తింటారు, అయినా అడిగి వేయించండి. సాయంత్రం విందు అయితే వాళ్ల పంక్తి పొద్దుగూకక ముందే లేవాలి. బెంగళూరులో నవంబరులో ఆరు లోపే పొద్దుగూకుతుంది.

మాధ్వులకు తారీఖు ఖాయం చేసే ముందే పంచాంగం చూడండి. ఏకాదశి అయితే అన్నం, పప్పు ఏవీ ఉండవు. ఆ రోజు పళ్లు, పాలు పెట్టి ఇంగువ తగలకుండా చూడండి: కొట్లో దొరికే కూటు ఇంగువలో మైదా గానీ బియ్యప్పిండి గానీ ఉంటుంది. బాగా మడి పాటించే పెద్దలు మామూలు రోజున కూడా కేటరర్ వంట తినకపోవచ్చు. బలవంతపెట్టకండి.

ముస్లిం దంపతుల కోసం నివేదనకు ముందే అన్నింట్లోంచి తీసి మూతపెట్టించండి. ఇంత చిన్న పని తర్వాతి ఇబ్బందిని తప్పిస్తుంది.

వీగన్ విషయంలో తప్పు జరిగేది పోపు దగ్గర. ‘పాలు వద్దు’ అంటే వంటవాడు పాయసం ఒక్కటే అనుకుని సాంబారు పోపులో గరిటెడు నెయ్యి పోస్తాడు. ‘పోపుకి కూడా నూనే’ అని చెప్పాలి. పొట్లాల మీది పచ్చ చుక్కను నమ్ముకోకండి, దాని కింద పాలూ తేనే రావచ్చు. ‘వి’ అక్షరం, ఆకు ఉన్న వీగన్ గుర్తు వేరే ఉంది, దాని నిబంధనలు 2022లో వచ్చాయి. స్వీట్ల మీద వెండి రేకు ఒకప్పుడు పశువుల పేగుల మధ్య పెట్టి సాగగొట్టేవాళ్లు. 2016లో ఆ పద్ధతి నిషేధించారు, అయినా రేకు లేని మిఠాయి తెప్పిస్తే వాదనే ఉండదు.

పాయసం అందరికీ ఒకటే చేయించండి. పది మందికి పెసరపప్పు 250 గ్రాములు, బెల్లం 350 గ్రాములు, కొబ్బరికాయలు 2. పప్పు దోరగా వేయించి, కొబ్బరి రెండోసారి పిండిన పలచటి పాలలో మెత్తగా ఉడికించాలి. బెల్లం కరిగించి వడకట్టి అప్పుడే పోయాలి. ముందే వేస్తే పప్పు ఉడకదు. మొదటిసారి పిండిన చిక్కటి పాలు స్టవ్ ఆపాకే కలపాలి. మళ్లీ మరిగిస్తే విరిగి నూనె తేలుతుంది. జీడిపప్పు కొబ్బరినూనెలో వేయించాలి.

వీగన్ స్నేహితురాలి పెరుగన్నానికి వేరుశనగ పెరుగు ముందురోజే తోడుపెట్టండి. గ్లాసు గింజలు ఆరేడు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్లతో రుబ్బి వడకట్టి, అడుగంటకుండా కాచాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగైదు పచ్చిమిరప తొడిమలు వేసి రాత్రంతా ఉంచాలి. మొదటి తోడు పలచగా, కాస్త పచ్చివాసనతో వస్తుంది. అందులోంచి చెంచాడు తీసి రెండోసారి తోడుపెడితే గట్టిపడుతుంది, కాబట్టి రెండు రోజుల ముందు మొదలుపెడితే మేలు. కాఫీకి సోయా పాలు వేడి డికాక్షన్‌లో పోస్తే విరుగుతాయి. పాలు విడిగా వెచ్చబెట్టి, డికాక్షనే వాటిలో కొద్దికొద్దిగా పోయమనండి.