క్లాట్, లాసెట్ సన్నద్ధత: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

న్యాయవిద్య ప్రవేశ పరీక్షలైన క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు), లాసెట్ (రాష్ట్రంలోని న్యాయ కళాశాలలకు) గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది రోజుకు ఎన్ని గంటలు చదవాలని. ఆ గంటల్లో ఏం చేయాలో తేలితే తప్ప ఈ ప్రశ్నకు జవాబు దొరకదు కాబట్టి, అటువైపు నుంచి ఆలోచించిన ఐదు ఉత్తరాలను ఎంచుకున్నాం.

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంఈసీ చదువుతున్నాను. డిసెంబరులో క్లాట్ రాయాలనుకుంటున్నాను. ఇంకా ఆరు నెలల సమయం ఉంది. కాలేజీ, ప్రయాణం పోగా రోజుకు రెండున్నర గంటలకు మించి మిగలదు. ఈ కొద్ది సమయంతో సాధ్యమేనా? టైంటేబుల్ ఎలా వేసుకోవాలి?
— ఒక విద్యార్థిని, కరీంనగర్

సమాధానం: సాధ్యమే. అయితే టైంటేబుల్ వేసుకునే ముందు ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో గ్రహించాలి. ఇంటర్ తర్వాత చేరేవారు రాసే క్లాట్ యూజీ పేపర్లో ఇప్పుడు 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. చూడగానే ప్రశ్నకు ఒక నిమిషం చొప్పున దొరుకుతుందనిపిస్తుంది కానీ, ఆ లెక్క నిజం కాదు. ప్రశ్నలన్నీ పాసేజీల ఆధారంగానే వస్తాయి. గణితం మినహా మిగిలిన విభాగాల్లో ఒక్కో పాసేజీ సుమారు 450 పదాల వరకూ ఉంటుంది. ఇరవై పాసేజీలున్నాయనుకున్నా దాదాపు తొమ్మిది వేల పదాలు చదవాలి. నిమిషానికి రెండు వందల పదాల చొప్పున చదివేవారికి చదవడానికే ముప్పావుగంట పోతుంది. అన్ని ప్రశ్నలకూ ఆలోచించి జవాబు గుర్తించడానికి మిగిలేది గంటంపావు. నిమిషానికి నూట ఇరవై పదాల వేగంతో చదివేవారికి ఆ మిగిలేది ముప్పావుగంటకు పడిపోతుంది. అందువల్ల మీ రెండున్నర గంటల్లో మొదటి వాటా ఇంగ్లిషులో వేగంగా, అర్థవంతంగా చదవడానికే ఇవ్వాలి.

కాలేజీకి బయల్దేరే ముందు నలభై నిమిషాలు ఒక ఇంగ్లిషు దినపత్రికలోని సంపాదకీయానికి, ఒక ముఖ్యవార్తకు కేటాయించండి. ఇంగ్లిషుకూ కరెంట్ అఫైర్స్‌కూ ఈ ఒక్క పని చాలావరకు సరిపోతుంది. సాయంత్రం గంటంపావు పాసేజీల సాధనకు ఉంచుకుని, ఒకరోజు లీగల్ రీజనింగ్ (న్యాయసూత్రాల అన్వయం), మరుసటి రోజు లాజికల్ రీజనింగ్ (తర్కం) చేయండి. గణితం మొత్తం పేపర్లో పదో వంతు, అంటే 10 నుంచి 14 ప్రశ్నలు మాత్రమే. అవి పదో తరగతి స్థాయి శాతాలు, నిష్పత్తులు, సగటులు, పట్టికల చుట్టూ తిరుగుతాయి. ఎంఈసీ విద్యార్థినికి వారానికి రెండుసార్లు చూసుకుంటే చాలు. పడుకోబోయే ముందు మిగిలిన అరగంటలో ఆరోజు వార్తల నోట్సు రాసుకోండి.

ఆగస్టు చివరి వరకూ ఈ క్రమం మార్చకండి. సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం ఒక పూర్తి మాక్ టెస్టు (నమూనా పరీక్ష) రాయండి. గత మూడేళ్లుగా, అంటే 2023, 2024, 2025లో, క్లాట్ డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకూ జరిగింది కాబట్టి మీరూ సరిగ్గా ఆ వేళకే రాయండి. భోజనం తర్వాత కళ్లు మూతలు పడే ఆ సమయంలో చదివే అలవాటు ముందుగానే కావాలి. నవంబరులో వారానికి రెండు మాక్ టెస్టులు సరిపోతాయి. కాలేజీలో అర్ధసంవత్సర పరీక్షలు వచ్చినప్పుడు క్లాట్ చదువు పూర్తిగా ఆపేయకుండా ఉదయం పత్రిక చదవడం ఒక్కటీ కొనసాగించండి. పది రోజులు వదిలేసిన పఠనవేగాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ రోజులే పడుతుంది. క్లాట్ అయ్యాక పబ్లిక్ పరీక్షలకు రెండు మూడు నెలల సమయం ఎలాగూ ఉంటుంది కాబట్టి, ఆ సిలబస్ గురించి ఇప్పటి నుంచే బెంగపడనవసరం లేదు.

ప్రశ్న: పదో తరగతి వరకూ తెలుగు మీడియంలో చదివాను. ఒక ఇంగ్లిషు పాసేజీ చదవడానికి నాకు ఐదారు నిమిషాలు పడుతోంది. చదివాక కూడా మొదటి పేరాలో ఏముందో మరచిపోతున్నాను. నాలాంటివారు క్లాట్ ఆశ వదులుకోవలసిందేనా?
— ఒక విద్యార్థి, ప్రకాశం జిల్లా

సమాధానం: వదులుకోకండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారిలో లోపం తెలివితేటల్లో ఉండదు, చదివే అలవాటులో ఉంటుంది, అలవాటు మార్చుకోవచ్చు. మీరు మరచిపోవడానికి కారణం, ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ పోవడమే అయి ఉంటుంది. అలా చేస్తే పదాలు గుర్తుంటాయి తప్ప వాదన గుర్తుండదు.

రోజుకు ఒక సంపాదకీయం తీసుకుని, గడియారం పెట్టుకుని, మధ్యలో నిఘంటువు తెరవకుండా చివరిదాకా చదవండి. తర్వాత కాగితం మీద తెలుగులోనే మూడు విషయాలు రాయండి: రచయిత ఏం అంటున్నాడు, దానికి ఏ కారణం చూపుతున్నాడు, ఎవరి అభిప్రాయాన్ని కాదంటున్నాడు. రాయలేకపోతే మళ్లీ చదవండి. అర్థం కాని మాటలకు నిఘంటువు చూడటం ఈ పని అయిన తర్వాతే. ఇలా తెలుగులో సారాంశం రాసుకోవడం మీకు బలహీనత కాదు. పరాయి భాషలోని వాదనను సొంత భాషలో రెండు వాక్యాల్లో చెప్పగలిగినవారు దాన్ని నిజంగా అర్థం చేసుకున్నట్టే. వారం చివర ఏడు రోజుల సమయాలనూ పక్కపక్కన రాసి చూసుకోండి. ఆరు నిమిషాలు నాలుగుకు తగ్గడానికి రెండు మూడు నెలలు పట్టినా కంగారు పడకండి. వేగం కోసం వాక్యాలు దాటేయడం మాత్రం వద్దు, ఎందుకంటే లీగల్ పాసేజీలో ఒక మినహాయింపు వాక్యం దాటిపోతే దాని మీద వచ్చే ఐదు ప్రశ్నల్లో రెండు మూడు పోవచ్చు.

ఇంకొక మాట. క్లాట్‌తో పాటు మీ రాష్ట్ర లాసెట్ కూడా రాయండి. ఆ ప్రశ్నపత్రం ఇంగ్లిషుతో పాటు తెలుగులోనూ ఉంటుంది.

ప్రశ్న: లీగల్ రీజనింగ్ కోసం కాంట్రాక్టు చట్టం, నేరచట్టం పుస్తకాలు కొని చదువుతున్నాను. అయినా ఆ విభాగంలోనే తక్కువ మార్కులు వస్తున్నాయి. ఇంకా ఏ పుస్తకాలు చదవాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ఇంకే పుస్తకమూ అక్కరలేదు. ఈ విభాగానికి ముందస్తు చట్టజ్ఞానం అవసరం లేదని క్లాట్ నిర్వహించే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియమే చెబుతోంది. పాసేజీలో ఇచ్చిన సూత్రాన్ని, ప్రశ్నలో ఇచ్చిన సంఘటనకు, ఉన్నది ఉన్నట్టు అన్వయించగలరా లేదా అన్నదే ఇక్కడ పరీక్ష.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1913లో అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పిన లాల్మన్ శుక్లా కేసు ఇది. యజమాని మేనల్లుడు తప్పిపోతే, వెతికి తీసుకురమ్మని తన దగ్గర పనిచేసే గుమాస్తాను హరిద్వార్‌కు పంపాడు. గుమాస్తా వెళ్లిన తర్వాత, పిల్లవాణ్ని తెచ్చినవారికి 501 రూపాయలు బహుమతి ఇస్తానని యజమాని ప్రకటించాడు. ఆ సంగతి తెలియకుండానే గుమాస్తా పిల్లవాణ్ని కనుగొన్నాడు. తర్వాత బహుమతి అడిగాడు. ప్రతిపాదన గురించి తెలియనివాడు దాన్ని అంగీకరించాడనడానికి వీల్లేదు కనుక ఒప్పందమే ఏర్పడలేదని కోర్టు తేల్చింది.

ఇదే సంగతిని పేర్లు మార్చి మాక్ టెస్టులో ఇస్తే చాలామంది బహుమతి ఇవ్వాలనే జవాబు గుర్తిస్తారు, ఎందుకంటే కష్టపడి పిల్లవాణ్ని తెచ్చినవాడి మీద మనకు సానుభూతి కలుగుతుంది. మరికొందరు, మీలాగా పుస్తకాలు చదివినవారు, పాసేజీలో లేని మరో నియమాన్ని గుర్తు తెచ్చుకుని దాని ప్రకారం జవాబిస్తారు. రెండూ తప్పే. పాసేజీలోని సూత్రం “ప్రతిపాదన తెలియకపోయినా పని పూర్తి చేస్తే చాలు” అని ఉంటే, నిజమైన చట్టం ఏం చెప్పినా సరే, బహుమతి ఇవ్వాలన్నదే సరైన జవాబు అవుతుంది. కాబట్టి ఒక నెల పాటు పుస్తకాలు పక్కన పెట్టి, ప్రతి పాసేజీ చదివాక సూత్రాన్ని, దానికి ఉన్న షరతులను, మినహాయింపులను విడివిడిగా గీత గీసి గుర్తించండి. ప్రతి జవాబుకూ పాసేజీలోని ఏ వాక్యం ఆధారమో పక్కన రాయండి. ఆధారం చూపలేని జవాబు, అనుకోకుండా సరైనదైనా, తప్పుల కిందే లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: మూడు నెలలుగా వారానికి మూడు మాక్ టెస్టులు రాస్తున్నాను. మార్కులు డెబ్బై దగ్గరే ఆగిపోయాయి. సంఖ్య పెంచమంటారా?
— ఒక అభ్యర్థి, విశాఖపట్నం

సమాధానం: పెంచవద్దు, తగ్గించండి. వారానికి ఒకటి రాసి, దాని విశ్లేషణకు కనీసం మూడు గంటలు ఇవ్వండి. తప్పయిన ప్రశ్నను ముందు సమాధానం చూడకుండా తిరిగి చేయండి. ఈసారి సరిగ్గా వస్తే అది తొందర వల్ల జరిగిన తప్పు. మళ్లీ తప్పయితే అది అవగాహన లోపం. అసలు ఆ వార్తే తెలియకపోతే అది సమాచార లోపం. తొందరకు మందు విభాగాల క్రమం మార్చడం, అవగాహన లోపానికి మందు ఆ రకం పాసేజీలు నెమ్మదిగా చేయడం, సమాచార లోపానికి మందు నోట్సు. మూడింటికీ కలిపి ఇంకో మాక్ టెస్టు రాస్తే పాత తప్పులే మరింత గట్టిపడతాయి.

విభాగాల క్రమం విషయంలో నా అభిప్రాయం, కరెంట్ అఫైర్స్‌తో మొదలుపెట్టడం మంచిది. అందులో 28 నుంచి 32 ప్రశ్నలు వస్తాయి. చాలావాటికి పాసేజీ పూర్తిగా చదవకుండానే జవాబు చెప్పవచ్చు. పావుగంటలో అది ముగిస్తే మిగిలిన విభాగాలకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

నెగెటివ్ మార్కుల భయం కూడా మీ మార్కులను ఆపి ఉండవచ్చు. సరైన జవాబుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. నాలుగు ఎంపికల్లో రెండింటిని కారణంతో కొట్టివేయగలిగితే, అలాంటి నాలుగు ప్రశ్నల్లో సగటున రెండు సరిపోయి రెండు తప్పుతాయి. వచ్చేది రెండు మార్కులు, పోయేది అర మార్కు. అలాంటివి ధైర్యంగా గుర్తించండి. ఏ ఎంపికనూ కొట్టివేయలేనివాటి మీద మాత్రం సమయం పోగొట్టుకోకండి. ఓఎంఆర్ షీటులో ఒక్కో పాసేజీ పూర్తి కాగానే బబుల్స్ నింపండి. అన్నీ చివర్లో నింపుదామనుకుని, ఒక వరుస జారి, ఒక విభాగమంతా తారుమారు చేసుకున్నవారు ఉన్నారు. ఈ అలవాటు ఇంట్లో రాసే మాక్ టెస్టుల నుంచే రావాలి.

ప్రశ్న: డిగ్రీ పూర్తయి పదేళ్లయింది, ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్ రాయాలని ఉంది. రాత్రి గంట, ఆదివారం నాలుగు గంటలు దొరుకుతాయి. పాత గైడు ఒకటి మిత్రుడి దగ్గర తీసుకున్నాను. అది చాలా?
— ఒక ఉద్యోగి, వరంగల్

సమాధానం: మీకున్న సమయం చాలు, గైడు చాలదు. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు చేయాలి. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయవిద్య అభిరుచికి సంబంధించినవి 60. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. క్లాట్ అభ్యర్థులకు పైన చెప్పిన దానికి భిన్నంగా, ఇక్కడ గుర్తుపెట్టుకున్న విషయానికి నేరుగా మార్కు వస్తుంది.

సగం మార్కులు న్యాయ విభాగానివే కనుక రాత్రి గంటలో ఎక్కువ రోజులు దానికే ఇవ్వండి. రాజ్యాంగంతో మొదలుపెట్టి, పీఠిక, 12 నుంచి 35 వరకూ ఉన్న అధికరణల్లోని ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 వరకూ ఉన్న ఆదేశిక సూత్రాలు, పార్లమెంటు, న్యాయవ్యవస్థ, ఈ వరుసలో చదవండి. ఆ తర్వాత కాంట్రాక్టు, నేరచట్టాల మౌలికాంశాలు చూడండి. సరిగ్గా ఇక్కడే మీ పాత గైడు మిమ్మల్ని దెబ్బతీస్తుంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే రోజు నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్యాధారాల చట్టం స్థానాల్లోనూ కొత్త చట్టాలు వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 ఇప్పుడు 103 అయింది. మోసానికి అందరికీ తెలిసిన 420 ఇప్పుడు 318లో ఉంది. ఈ తేదీకి ముందు అచ్చయిన పుస్తకంలోని సెక్షన్ నంబర్లు బట్టీ పడితే, తెలిసిన ప్రశ్నకే తప్పు జవాబు రాయాల్సి వస్తుంది.

ఆదివారం నాలుగు గంటల్లో మొదటి గంటన్నర ఒక పాత ప్రశ్నపత్రం నిర్ణీత సమయంలో రాయండి. తర్వాతి గంట తప్పులు సరిచూసుకోండి. మిగిలిన సమయం వారం రోజుల వార్తలకు. ప్రశ్నకు 45 సెకన్లు మాత్రమే ఉంటాయి కనుక, పదేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష రాస్తున్న మీకు తొలి రెండు మూడు పత్రాలు సమయానికి పూర్తి కాకపోవచ్చు. ముందుగా న్యాయ విభాగం చేసి, మెంటల్ ఎబిలిటీలో చిక్కుముడి ప్రశ్నలను చివరికి పెట్టుకుని, ఆఖరి ఐదు నిమిషాలు మిగిలిన ఖాళీలు నింపడానికి ఉంచుకోండి.