నది ఒడ్డు ఊరి పాత ఫోటోల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం చదివాను. బాగుందని చెప్పడానికైతే ఫోన్ చాలు. ఉత్తరం రాస్తున్నానంటే చీవాట్లు కూడా ఉన్నాయని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

రెడింగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే రైలెక్కి గోరింగ్‌లో దిగి, థేమ్స్ ఒడ్డున ఆ ఊరి పాత ఫోటోలు చేతపట్టుకుని తిరుగుతున్నావంటే నాకు ముచ్చటేసింది. ఇంగ్లండు గురించి రాసే మనవాళ్ళు లండన్ దాటి రావడమే అరుదు. కానీ మొదటి వాక్యంలోనే 'కాలం ఆగిపోయిన ఊరు' అన్నావు. కాలం ఏ ఊళ్ళోనూ ఆగదు. ఆగినట్టు కనిపించేలా ఒకడు ఫోటో తీశాడు. అలా కనిపిస్తేనే నాలుగు డబ్బులొస్తాయి కాబట్టి తీశాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే: పాత ఫోటో సరుకు. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు అని అడగకుండా దాన్ని సాక్ష్యం కింద వాడుకోకు.

హెన్రీ టాంట్ పేరు నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆయన 1842లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు, 1922లో పోయాడు. ఆ నది పొడవునా పడవ మీద తిరిగి ఫోటోలు తీశాడు. 1872లో థేమ్స్ మ్యాపు ఒకటి అచ్చేశాడు, ఫోటోలు అంటించి మరీ. అది ఎవరి కోసం? పడవ షికారుకొచ్చే పట్నంవాళ్ళ కోసం. వాళ్ళకి కావలసింది లాకులు, ఆనకట్ట, మిల్లు, చర్చి గోపురం, నీళ్ళ మీదికి వంగిన చెట్లు. కాబట్టి గోరింగ్ ఫోటోల్లో అవే పదే పదే కనిపిస్తాయి. ఆ పట్నంవాళ్ళని ఊరికి తెచ్చింది 1840లో వచ్చిన గ్రేట్ వెస్టర్న్ రైలు. నువ్వు దిగే స్టేషను అదే. నీ వ్యాసంలో ఆ స్టేషను ఏది? అమ్మకానికి పెట్టిన అందాల్లో రైలుకట్ట లేదు, అందుకని నీ వ్యాసంలోనూ లేదు. అంటే టాంట్ నీ చేత కూడా తన సరుకే మోయించాడన్నమాట.

ఇక ఆనకట్ట ఫోటో సంగతి. 'పాలమీగడలా ప్రశాంతంగా పరుచుకున్న నది' అని రాశావు. ఆనకట్ట తలుపులు ఎత్తినప్పుడు దాని దిగువన నిలబడి చూశావా? మాట వినపడదు. మరి ఫోటోలో మీగడ ఎక్కణ్ణించి వచ్చింది? 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ బయటపెట్టిన తడి ప్లేటు పద్ధతిది. గాజుపలకకి కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, వెండి ద్రావకంలో ముంచి, తడి ఆరేలోగా ఫోటో తీసి కడిగెయ్యాలి. ఆరితే పలక పనికిరాదు. అందుకే ఆ రోజుల్లో ఫోటోగ్రాఫరు తన చీకటిగది వెంటబెట్టుకుని తిరిగేవాడు, గుడారంలోనో పడవలోనో. ఎక్స్‌పోజరుకి, అంటే పలక మీద వెలుగు పడి బొమ్మ ఏర్పడడానికి, కొన్ని క్షణాలు పట్టేది. ఆ క్షణాల్లో ఉరికిన నీళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడి తెల్లటి పొగలా అచ్చయ్యాయి. నువ్వు ప్రశాంతత అన్నది ఉరవడి. నడిచి వెళ్ళిపోయిన మనిషి అసలు పడనే పడడు, లేదా మసకగా ఒక చారలా మిగులుతాడు. కాబట్టి వీధి నిర్మానుష్యంగా ఉందని కూడా తొందరపడి రాయకు.

రంగుల విషయమూ చూసుకో. ఆ ప్లేటుకి నీలం అంటే మహా చురుకు, ఎరుపు అసలు ఆనదు. ఆకాశం ఎప్పుడూ తెల్లగా, మబ్బు తునక లేకుండా వస్తుంది. ఎర్ర ఇటుక నల్లబడుతుంది. గోరింగ్ ఇళ్ళలో ఇటుక, చెకుముకి రాయి కలిపి కట్టినవి చాలా ఉన్నాయి. నువ్వు 'మసిబారిన పేదల ఇల్లు' అని జాలిపడ్డ గోడ బహుశా ఎర్రగా నిగనిగలాడుతూ ఉండి ఉంటుంది. వెళ్ళి చూసిరా, గోడ ఇంకా అక్కడే ఉంటే.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది పాత సామాన్ల సంతలో నువ్వు కొన్న పోస్టుకార్డు. దాన్ని ఒక్క పేరాలో వదిలేశావు, నాకైతే అది వ్యాసంలో సగం. బొమ్మవైపు వంతెన, రెయిలింగుకి ఆనుకున్న ఇద్దరు కుర్రాళ్ళు. ఏడో ఎడ్వర్డ్ తల ఉన్న ఆకుపచ్చ అర్ధపెన్నీ స్టాంపు అంటించి ఉందన్నావు కదా. ఆ స్టాంపు 1902లో వచ్చింది. వెనకవైపు సగంలో చిరునామా, సగంలో కబురు రాసుకోవచ్చన్న అనుమతి కూడా ఆ ఏడాదే వచ్చింది. అంతకుముందు ఆ వైపు చిరునామాకే, కబురంతా బొమ్మ పక్కనున్న ఖాళీలో ఇరికించాల్సిందే. పోస్టుముద్ర తేదీ చదవగలిగితే కార్డు ఎప్పుడు పంపారో తెలుస్తుంది. ఫోటో ఎప్పుడు తీశారో మాత్రం తెలియదు. కంపెనీలు ఒకే నెగటివును ఏళ్ళ తరబడి అచ్చు వేసుకునేవి. రైగేట్‌లోని ఫ్రాన్సిస్ ఫ్రిత్ కంపెనీ కార్డయితే మూలన నంబరుంటుంది, దాన్నిబట్టి ఏడాది పట్టుకోవచ్చు. లేకపోతే కుర్రాళ్ళ టోపీలు, వంతెన కొయ్యలు చూసి అంచనా కట్టాలి. 'సుమారు' అని రాయడానికి సిగ్గుపడకు.

ఆ వంతెన కథ తవ్వు. గోరింగ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, అవతలి ఒడ్డున స్ట్రీట్లీ బార్క్‌షైర్‌లో. 1837 దాకా మధ్యన వంతెన లేదు, రేవు పడవే గతి. 1674లో గోరింగ్ తిరునాళ్ళు చూసి స్ట్రీట్లీకి తిరిగి వెళ్తున్న జనం పడవ ఆనకట్ట దగ్గర బోల్తాపడి సుమారు 60 మంది మునిగిపోయారు. 1837లో వచ్చిన వంతెన సుంకం వంతెన, దాటాలంటే డబ్బులు కట్టాలి. ఇప్పుడు నువ్వు నడిచేది 1923లో కట్టింది. అంటే నీ కార్డులో ఉన్నది పాత వంతెన. ఆ ఇద్దరు కుర్రాళ్ళు సుంకం కట్టి దాటారా, లేక గేటు ఇవతలే నిలబడ్డారా? కార్డుని భూతద్దం కింద పెట్టి చూడు. ఇలాంటి చిన్న ప్రశ్నే నీ వ్యాసాన్ని నడిపిస్తుంది. 'ఆహా ఆ రోజులు' నడిపించదు.

నీ వ్యాసం నిండా పడవలే, పడవ కట్టిన మనిషి ఒక్కడూ లేడు. శామ్ సాండర్స్‌ది ఆ ఊరి పడవల కార్ఖానాయే. పలచటి చెక్కపొరల్ని రాగితీగతో కుట్టేసే పద్ధతికి 1898లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఐల్ ఆఫ్ వైట్ దీవికి తరలిపోయి, నీళ్ళ మీద వాలే విమానాల దాకా వెళ్ళాడు. కాలం ఆగిపోయిన ఊరన్నావే, అక్కడ జరిగిన పని ఇది.

మనుషుల కోసం జనాభా లెక్కలకి వెళ్ళు. 1841 నుంచి పేర్లతో దొరుకుతాయి. 1911 పత్రాలైతే ఇంటి యజమానే స్వహస్తాలతో నింపినవి. ఎవరి చేతిరాత వంకరో, ఎవరు కొట్టివేసి మళ్ళీ రాశారో కూడా కనిపిస్తుంది. 1921వి 2022 జనవరిలో బయటికొచ్చాయి. 1931 కోసం వెతుక్కోకు, ఇంగ్లండు, వేల్స్ పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఊళ్ళో దుకాణాల వివరాలకి కెల్లీ డైరెక్టరీలున్నాయి. మైలుకి 25 అంగుళాల కొలతతో గీసిన పాత సర్వే మ్యాపులు స్కాట్లండు జాతీయ గ్రంథాలయం వాళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఫోటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో ఆ మ్యాపు మీద చుక్క పెట్టు. పెట్టలేకపోతే ఆ ఫోటో గురించి రాయడానికి ఇంకా వేళ కాలేదన్నమాట. ఇన్ని చూశాక కూడా ఫోటో వెనక పెన్సిలుతో 'ఎడమనుంచి రెండోది మా అమ్మమ్మ' అని ఉంటే వెంటనే నమ్మెయ్యకు. తర్వాతి తరంవాళ్ళు ఊహించి రాసినవి ఎక్కువ.

ఇప్పుడు కాటన్ దొర. గోరింగ్‌కి కూతవేటు దూరంలో వుడ్‌కోట్ ఉంది, ఆర్థర్ కాటన్ తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌ది ఆ ఊరే. ఇది కనిపెట్టినందుకు నిన్ను మెచ్చుకుంటాను. మా గోదావరి జిల్లాల్లో ఎన్ని ఊళ్ళలో ఆయన విగ్రహాలున్నాయో నీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ మురిపెంలో 'గోరింగ్ ఆనకట్ట చూసిన కళ్ళే ధవళేశ్వరానికి రూపం ఇచ్చాయేమో' అని రాశావు. ఆ 'ఏమో' కింద ఎంత అబద్ధమైనా పడుకోగలదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం పని వెనక కాటన్ కావేరి మీద గడించిన అనుభవం ఉంది. అక్కడి పాత కల్లణై కట్టడం నుంచి తాను నేర్చుకున్న సంగతి ఆయనే చెప్పుకున్నాడు. మన పాఠకుడికి దగ్గరవ్వాలని గోరింగ్‌ని గోదావరికి ముడిపెట్టకు. వుడ్‌కోట్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్ళు. చదివేవాడు రాజమండ్రివాడైతే ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగుతాడు, వాణ్ణి నువ్వు ఆపక్కర్లేదు.

1893 వేసవిలో రచయిత ఆస్కార్ వైల్డ్ గోరింగ్‌లో మకాం పెట్టిన సంగతికీ అంతే, ఒక్క వాక్యం. ఊరి చరిత్ర అంటే ఊరికొచ్చిన పెద్దమనుషుల జాబితా కాదు.

టాంట్ ఫోటోల మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. అయినా ఆర్కైవువాళ్ళ స్కాన్లు వాడుకోవడానికి వాళ్ళ షరతులు వేరే ఉంటాయి, ముందే అడుగు. గోరింగ్ గ్యాప్ స్థానిక చరిత్ర సంఘం ఉంది కదా, వాళ్ళ సమావేశాలకి వెళ్ళు. మొదట్లో ప్రశ్నలడగడానికి కాదు, వినడానికి వెళ్ళు. ముసలివాళ్ళు ఒక ఫోటో మీద వాదించుకుంటూ ఉంటే పక్కన కూర్చో. వాళ్ళ పేర్లు మాత్రం అడగకుండా వ్యాసంలోకి ఎక్కించకు.

సంక్రాంతిలోగా తిరగరాసి పంపు. మొదటి వాక్యం తీసెయ్, కాటన్ పేరా కుదించు, స్టేషను పెట్టు, పోస్టుకార్డుని పెంచు. కార్డు వెనక ఏం రాసి ఉందో నువ్వు చెప్పనేలేదు. నాకు ముందు అది కావాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు